బాపు ఊపిరి

ఉట్నూర్,
8 జూలై 1996

పూజ్యులైన నిర్మల వదినకు,
ప్రమోదిని నమస్కారాలు.

అంతా క్షేమమని మొదలుపెట్టడానికి చేయి రావడం లేదు. బస్సు దిగి ఇంటి తాళం తీయగానే ఎదురుగా బాబు ఖాళీ ఉయ్యాల కనబడింది. మీ తమ్ముడు దాన్ని విప్పి అటక మీద పెట్టబోతే వద్దన్నాను. రోజూ దాన్ని తప్పించుకుంటూ తిరుగుతున్నాం.

వాణ్ని మీ దగ్గర వదిలి వచ్చానంటే అది మీ మీద నమ్మకంతోనే. ఇక్కడి వాన, చలి, చుట్టూ కట్టెల పొయ్యిల పొగ మీకు తెలియనివి కావు. మూడో నెల నుంచి వాడి ఛాతీలో పిల్లికూతలు పూర్తిగా ఆగిందే లేదు. జీపు దొరికితే ఆసుపత్రి, దొరక్కపోతే దేవుడు. అక్కడైతే కరీంనగర్ పిల్లల డాక్టరు దగ్గర్లో ఉన్నాడు, పొగ లేని వంటిల్లు ఉంది, మామగారికి అన్నేళ్లు సేవ చేసిన మీరున్నారు. నాకు ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం కొత్త. సెలవు మాట ఎత్తితే హెడ్మాస్టరు మొహం మాడ్చుకుంటాడు.

మాస్కు సంగతి మళ్లీ రాస్తున్నాను, విసుక్కోకండి. మందు పంపును బాగా ఊపి ప్లాస్టిక్ గొట్టానికి తగిలించాలి. రెండో కొసన ఉన్న మాస్కు ముక్కూ నోరూ మూసేలా మెత్తగా ఆనించి, ఒక్కసారి నొక్కి, వాడు నిమ్మళంగా కొన్నిసార్లు ఊపిరి పీల్చేదాకా ఆగాలి. తర్వాత మొహం తుడిచి, తడిగుడ్డతో నోరు శుభ్రం చేయండి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, పిల్లికూతలు ఉన్నా లేకున్నా. "మంచిగున్నడని మీ అంతల మీరు బంద్ చేస్తె కథ మళ్ల మొదటికొస్తదమ్మా" అని డాక్టరు నాతో ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మాస్కు పెట్టేటప్పుడు నేను రైలు కూత కూస్తాను. వాడు నవ్వుతూ రెండు చేతులతో గొట్టం పట్టుకుంటాడు. మీరూ అలాగే చేయండి. మామగారి పేరు కాబట్టి నేను వాణ్ని పేరుతో పిలవలేను, చిన్నా అంటాను. ఆ పిలుపు మరిచిపోనివ్వకండి.

మీ
ప్రమోదిని

---

సుల్తానాబాద్,
21 జూలై 1996

చి.ల.సౌ. ప్రమోదినికి,
వదిన దీవెనలు.

ఉత్తరమా అది, పరీక్ష పేపరా? మన ఇంట్లో పనిచేసే ఐలవ్వకు చదివి వినిపిస్తే, "గంతేనా అమ్మా, మనకు గుడ మార్కులేస్తదా గా పంతులమ్మ?" అని అడిగింది. వేస్తుందే, ఫస్టు క్లాసు మనదే అన్నాను.

నువ్వు చెప్పినట్టే రెండు పూటలా పెడుతున్నాను. నీ రైలు కూత నాకు రాలేదు. ఎడ్లను అదిలించినట్టు వచ్చింది. అయినా నవ్వాడు. ఛాతీకి చెవి ఆనించి వింటే చప్పుడు తగ్గింది. రాత్రుళ్లు పడుకుంటున్నాడు. ఆయన పోయి నేను పుట్టింటికి వచ్చిననాటి నుంచి ఈ ఇంట్లో దగ్గులు, మూలుగులే విన్నాను. ఇప్పుడు పసిపిల్లవాడి కేకలు వింటుంటే నాకు పిచ్చి సంతోషంగా ఉంది. దిష్టి పెట్టకు.

ఒక సంగతి చెప్పనా? నువ్వు మామ పేరని పలకవు, నేను నాన్న పేరని పలకను. పాపం, కొండల్‌రావు అని పేరైతే పెట్టాం గానీ ఆ పేరుతో వాణ్ని పిలిచేవాళ్లే లేరు ఇంట్లో. నేను నాన్నను పిలిచినట్టే బాపూ అంటున్నాను. అట్లా అనగానే ఎక్కడున్నా తల తిప్పి చూస్తాడు. నీ చిన్నాకు పలకకపోతే నన్ననకు.

ఇంతకీ ఆ పంపులో మందేమిటి? ఊరికే నొక్కుతున్నాను గానీ లోపల ఏముందో తెలియదు. చదువుకున్నదానివి, చెప్పు.

నీ వదిన
నిర్మల

---

ఉట్నూర్,
5 ఆగస్టు 1996

పూజ్యులైన వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే అందరూ వింతగా చూశారు. వాడు రాత్రుళ్లు పడుకుంటున్నాడన్న మాట నాలుగుసార్లు చదివాను. మీ రుణం ఎట్లా తీర్చుకోను?

మందు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంది, నాకే నోరు తిరగదు. ఊపిరితిత్తులకు బలమిచ్చేది. టానిక్ లాంటిదనుకోండి. పేరుతో మనకేం పని, మానకుండా పెట్టడమే ముఖ్యం.

హాస్టల్ పిల్లలకు జ్వరాలు. రోడ్డు తెగి బస్సులు బంద్. ఈ నెల రాలేను.

మీ
ప్రమోదిని

---

సుల్తానాబాద్,
29 ఆగస్టు 1996

చి.ల.సౌ. ప్రమోదినికి,

నీ టానిక్ ఉత్తరం అందింది.

మొన్న నాకు దగ్గు మందు కోసం చాంద్‌పాషా దుకాణానికి పోయాను. మన పెద్ద బాపు, నాన్న ఉన్నప్పటి నుంచీ మందులు అక్కడే తెచ్చేవాళ్లం. తిరిగొస్తుంటే దారి పొడుగునా బాపే గుర్తొచ్చాడు. నీ పెండ్లి నాటికే ఆయన మంచం పట్టాడు. అంతకుముందు సంగతి నీకు తెలియదు, చెబుతాను విను.

దమ్ముకని, ఆ ఆయాసానికని, ఒక డాక్టరు గోలీలు రాశాడు. వేసుకున్న వారానికే బాపు లేచి పొలానికి పోయాడు. మేమంతా ఆ డాక్టరుకు దండం పెట్టాం. బాపు ఆ డాక్టరుకు మళ్లీ చూపించుకోలేదు. ఆ చీటీ మీదనే ఏళ్లకు ఏళ్లు తెప్పించి మింగాడు. మొహం ఉబ్బింది, చెయ్యి పట్టుకుంటే తోలు ఊడి వచ్చేది, షుగరొచ్చింది. ఒకనాడు దగ్గుతుంటే వీపు నిమురుతున్నాను. లోపల ఏదో పుటుక్కుమంది. పక్కటెముక. దగ్గితే ఎముక విరిగింది, ప్రమోదినీ. నా చేతి కిందనే విరిగింది. ఆ గోలీలకు ఏమంటారో ఆనాడే నేర్చుకున్నాను. స్టెరాయిడ్ అంటారు.

సరే, ఇప్పుడదంతా ఎందుకు? బాబు బాగానే ఉన్నాడు. నువ్వు చెప్పినవన్నీ జరుగుతున్నాయి.

నిర్మల

---

ఉట్నూర్,
14 సెప్టెంబరు 1996

పూజ్యులైన వదినకు,

మామగారి సంగతి చదివాను. అంత కష్టం ఎవరికీ వద్దు.

మీ తమ్ముడు అక్కడికి వచ్చి వెళ్లినప్పటి నుంచి ఒకటే పొగడ్త. "బుగ్గలు సూడాలె నువ్వు! మా అక్క చేతిల ఏముందో గని పోరడు లడ్డూ లెక్క అయిండు" అని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. నాకు ఈర్ష్యగా ఉంది, నిజం చెబుతున్నాను. వాడు తేరుకోవడం నేను చూడాల్సింది.

వదినా, లెక్క ప్రకారం పంపులో మందు అయిపోవచ్చి ఉండాలి. లోపలి డబ్బాను బయటికి తీసి గిన్నెడు నీళ్లలో వేసి చూడమని డాక్టరు చెప్పాడు. నిండు డబ్బా మునుగుతుంది, అయిపోయింది తేలుతుంది. చూసి రాయండి, కొత్తది పంపిస్తాను.

మీ
ప్రమోదిని

---

సుల్తానాబాద్,
26 సెప్టెంబరు 1996

చి.ల.సౌ. ప్రమోదినికి దీవెనలు.

నీళ్లలో వేశాను. తేలింది. కొత్తది పంపు.

పిల్లికూతలు మచ్చుకైనా లేవు. తిండి సంగతి అడగకు, ఇంత పప్పన్నం పెడితే ఇంకా కావాలని గిన్నె కొడతాడు. మొహం నిండి గుండ్రంగా అయ్యింది. నిన్న పక్కింటి సుల్తాన్ బీ వచ్చి, "యా అల్లా, అచ్చం పెద్దదొర మొహమే గదనె నిర్మలమ్మా!" అన్నది. నిజమే. బాపు పోయే ముందు ఏడాది తీయించిన ఫోటో గోడకు ఉంది కదా, ఎత్తుకుపోయి దాని పక్కన పెట్టి చూశాం. అవే బుగ్గలు, అదే గడ్డం. పుట్టినప్పుడు మీ పుట్టింటి పోలిక అన్నారు అందరూ. ఇప్పుడేమంటారు? నా బాపు నాకు తిరిగొచ్చాడు.

తేనెలో కొంచెం ఆకుమందు పొడి కూడా వాడి చేత నాకిస్తున్నాను. గోదావరి అవతల ఒకాయన ఇస్తాడు. వట్టి ఆకులే, భయపడకు.

నీ వదిన
నిర్మల

---

ఉట్నూర్,
28 అక్టోబరు 1996

వదినకు నమస్కారాలు.

సద్దుల బతుకమ్మకని వచ్చి రెండు రోజులుండి పోయాను. అక్కడ ఏడవలేక ఇక్కడికొచ్చి ఏడ్చాను.

వాణ్ని చూస్తే కడుపు నిండింది, ఆ మాట ముందు చెప్పాలి. మీరు ఫోటో పక్కన పెట్టి చూపిస్తే నాకూ నవ్వొచ్చింది. మామగారే. పిల్లికూత లేదు, తిండికి లోటు లేదు. ఇక నేను అడగాల్సిందేముంది?

కానీ ఆ సాయంత్రం మాస్కు నేను పెడతానని తీసుకున్నాను. రైలు కూత కూశాను. వాడు నన్నూ ఆ మాస్కునూ చూసి బెదిరిపోయి గుక్క పట్టి ఏడ్చాడు. గొట్టాన్ని తోసేశాడు. ఇదివరకు తనంతట తనే పట్టుకునేవాడు కదా! మీరు నా చేతిలోంచి వాణ్ని తీసుకుని, "నీ చెయ్యి మర్సిండు పిల్లా, నా తానైతె నవ్వుకుంట పెట్టించుకుంటడు" అని లోపలి గదిలోకి తీసుకుపోయారు. తలుపు అవతల వాడి నవ్వు వినిపించింది. తల్లి చేయి మరవడానికి ఇన్ని నెలలు చాలా, వదినా? మీరు తప్పు చేశారని కాదు. నాకు నొప్పిగా ఉంది, అంతే.

ఆకుమందు సరే, పెద్దవాళ్లు ఇచ్చేదే. మాస్కు మాత్రం మానకండి.

మీ
ప్రమోదిని

---

సుల్తానాబాద్,
10 నవంబరు 1996

చి.ల.సౌ. ప్రమోదినికి,

పిచ్చిదానా, పిల్లలు ఎవరి చేతి అన్నం తింటే వాళ్ల చేయి పడతారు. అందుకని తల్లి తల్లి కాకుండా పోతుందా? ఇంకో ఏడాది నా దగ్గర ఉండనివ్వు. ఊపిరి గట్టిపడ్డాక తీసుకుపో. నీ ఉద్యోగమూ నిలబడుతుంది.

ఈ మధ్య జర చిరాకు పడుతున్నాడు, తలకు చెమట పడుతోంది. పండ్లు వస్తున్నాయేమో. పొడి ఇచ్చే ఆయన కూతురి పెండ్లికని మహారాష్ట్రకు పోయాడట, ఇంకా రాలేదు. ఉన్నది అయిపోవచ్చింది. అదేం పెద్ద ఫికర్ కాదులే, ఇప్పుడు ఊపిరి నిమ్మళంగానే ఉంది కదా.

నీ వదిన
నిర్మల

---

కరీంనగర్, ఆసుపత్రి,
3 డిసెంబరు 1996

నిర్మల వదినకు,

వాడు కళ్లు తెరిచాడు. పాలు తాగాడు. మీ తమ్ముడు అక్కడికి వస్తున్నాడు కాబట్టి ఈ కాగితం అతని చేతికిస్తున్నాను.

మిమ్మల్ని వార్డులోంచి పొమ్మని నలుగురిలో అరిచింది నేనే. దానికి క్షమాపణ అడగను.

పొడి అయిపోయింది. తర్వాత వాడికి చిన్న జ్వరం వచ్చింది. వాంతులు, మెడ నిలపలేకపోవడం, ఒళ్లు చల్లబడడం. మీరు ఒడిలో వేసుకుని బస్సులో తెచ్చారు. డాక్టరు వాడి మొహం చూసి, పొట్ట చూసి, "గీ పిలగానికి ఏం మందు పెడుతున్నరు? నిజం చెప్పున్రి" అని గద్దించాడు. మీరు కొంగు ముడి విప్పి ఖాళీ పొట్లం చూపించారు. అది చూపించడం వల్లే సరైన సూది వెంటనే ఇవ్వగలిగానని ఆయన అన్నాడు. మీకు రావాల్సిన మాట అది, అందుకని రాస్తున్నాను.

మిగతాదీ వినండి. ఆ పొడి ఆకులు కావు. స్టెరాయిడ్ గోలీలు నూరి కలిపి ఉంటారని డాక్టరు అంటున్నాడు. మామగారు మింగిన గోలీలే. ఎంత కలిపాడో ఆ ఇచ్చినవాడికే తెలియదు. అందుకే పిల్లికూతలు ఆగాయి, అందుకే ఆకలి, అందుకే బుగ్గలు. రోజూ బయటి నుంచి అంత పడుతుంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుందట. అది ఒక్కసారి మానేసేసరికి వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. పంపులో ఉన్నదీ ఆ జాతి మందే. కానీ అది చాలా కొద్ది, నేరుగా ఊపిరితిత్తులకు పోయేది, డాక్టరు చూస్తూ ఇచ్చేది.

నిన్న బట్టల కోసం మీ ఇంటికి పోయాను. మీ గదిలో చీరల కింద మాస్కు దొరికింది. రెండు డబ్బాలూ దొరికాయి. కొత్తదానికి సీలు కూడా తీయలేదు. బకెట్లో వేశాను. కొత్తది అడుక్కు మునిగింది. పాతదీ తేలలేదు, సగందాకా మునిగి నిలబడింది.

మీ నాన్న మొహం ఎట్లా ఉబ్బిందో చూసినవాళ్లు మీరు. అదే మొహం నా కొడుక్కి వస్తే పోలిక అన్నారు. ఫోటో పక్కన నిలబెట్టి మురిశారు. నేనూ మురిశాను. వాడు మరిచింది నా చేయిని కాదు, మాస్కును. అది తెలిసి కూడా మీరు నన్ను ఏడుపు దిగమింగుకుని బస్సెక్కనిచ్చారు.

ప్రమోదిని

---

సుల్తానాబాద్,
19 డిసెంబరు 1996

ప్రమోదినీ,

నువ్వన్న ప్రతి మాటా పడతాను. పడి, నాదీ ఒకటి చెబుతాను. విను.

ఆగస్టులో చాంద్‌పాషా దుకాణంలో నా సంచిలో పంపు ఉంది. ఇట్లాంటిది ఇంకోటి తెప్పించి పెట్టమందామని తీసుకుపోయాను. అతను తిప్పి చూసి, "అమ్మా, గిది స్టెరాయిడ్ గద. పెద్దదొరకు ఇచ్చిన గోలీల జాతిదే" అన్నాడు. ఇంటికొచ్చి నీ ఉత్తరం తీసి చూశాను. టానిక్ అని ఉంది. నా చేత్తో, రోజుకు రెండు పూటలా, నా బాపును తిన్న మందును వాడి నోట్లో కొట్టించావు. నాకట్లాగే అనిపించింది. అందుకే నీకు పక్కటెముక సంగతి రాశాను. చదివి నువ్వు నిజం చెబుతావని చూశాను. నువ్వు డబ్బాను నీళ్లలో వెయ్యమని రాశావు.

నీకు అన్నీ తెలుసు. ఆ పేరు వింటే నేను పెట్టనని తెలిసే దాచావు. చెప్పి ఉంటే నీతో కొట్లాడేదాన్ని. అన్నం మానేసేదాన్ని. నీ మొగుణ్ని పిలిపించి పంచాయితీ పెట్టేదాన్ని. డాక్టరు దగ్గరికి పోయి ఆయన్నూ నాలుగు అడిగేదాన్ని. ఆ తర్వాత పెట్టేదాన్ని. నాకు అర్థం చేసుకునే తెలివి లేదని నువ్వు ముందే తేల్చేసుకున్నావు. బదులుగా ఆనాడే మాస్కు ఆపేసి నేనూ నీకు చెప్పలేదు. చెబితే వాణ్ని తీసుకుపోతావని భయం. అదీ రాస్తున్నాను.

ఆ పొడి ఆకులేనని నమ్మాను. బాపు ఫోటో తీసి బీరువాలో పెట్టాను. ఆ మొహం ఇక చూడలేను.

వాణ్ని ఒక్కసారి చూపించు. ఎత్తుకోను. గుమ్మం బయటనే నిలబడతాను. గా పిలగాన్ని సూడక నాకు ముద్ద దిగుతలేదే.

నిర్మల

---

ఉట్నూర్,
16 ఫిబ్రవరి 1997

నిర్మలాదేవి గారికి,

మీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. మీ తమ్ముడు అన్నం దగ్గర కూర్చుని లేచిపోతున్నాడు, అందుకని రాస్తున్నాను.

టానిక్ అని రాసింది నేనే. మీతో వాదించే ఓపిక లేక రాశాను. ఆ మాట రోజూ గుర్తొస్తుంది. అయినా ఇద్దరి తప్పూ ఒకటేనని మీరు అనుకుంటే మాత్రం ఒప్పుకోను. నేను ఒక పేరు దాచాను. మీరు వాడి ఊపిరి దాచారు.

ఆ పొడికి బదులు ఆసుపత్రిలో మొదలుపెట్టిన గోలీ మందు ఒక్కసారిగా ఆపకూడదట, డాక్టరు మెల్లగా తగ్గిస్తున్నాడు. మాస్కు మళ్లీ మొదలైంది. ఉద్యోగానికి జీతం లేని సెలవు పెట్టాను. వంటకు కట్టెలు మానేశాం. బుగ్గలు తీసిపోయాయి. చలిలో పిల్లికూతలు వచ్చాయి, తగ్గాయి, మళ్లీ వచ్చాయి. ఈ వారం లేవు. ఇప్పుడు వాడి మొహంలో ఎవరి పోలికా కనబడదు. చాలా సన్నగా ఉన్నాడు.

మీరు రావద్దు. ఎప్పటిదాకా అంటే చెప్పలేను.

వాణ్ని ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నాను. మామగారి పేరని చూడకుండా, గట్టిగా, కొండల్‌రావు అని. వాడు మీ నాన్న కాదు, నా కొడుకు. ఇంట్లో అందరికీ అది తెలియాలి. మీ తమ్ముడు వింటూ తల దించుకుంటాడు. వాడు మాత్రం పలకడు. చిన్నా అన్నా చూడడు. మాస్కు బయటికి తీస్తే చాలు, మంచం కిందికి దూరతాడు. రైలు కూత కూసినా నవ్వడు. చివరికి నేను మీ గొంతు పెట్టి, "బాపూ, ఓ బాపూ" అంటాను. అప్పుడు ఏడుపు ఆపేసి గుమ్మం వైపు చూస్తాడు. మీరొస్తారేమోనని అట్లాగే చూస్తూ ఉంటాడు. ఆ కాసేపట్లోనే మాస్కు ఆనించి మందు నొక్కుతాను. పొద్దునా సాయంత్రం ఇదే.

ప్రమోదిని